ఎండిన మడికి వంతు

బాలానగర్‌లో నేను హాజరు రాసిన వర్క్‌షాపు పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, దాని కింద ఒక వరసలో లేత్ మిషన్లు, మూలన డ్రిల్లింగ్ మిషన్, వెనకవైపు గోడ లేని చోట కొలిమి. రైలు వ్యాగన్ల బ్రేకులకు కావలసిన పిన్నులు, కడ్డీలు చేసి ఒక పెద్ద ఫ్యాక్టరీకి ఇచ్చేవాళ్లం. ఆ ఫ్యాక్టరీ వాటిని వ్యాగన్లు కట్టేవాళ్లకు ఇచ్చేది. వ్యాగన్లు కొనేది ప్రభుత్వం. అంటే మా కొలిమిలో సమ్మెట దెబ్బ పడాలంటే ముందు ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టాలి. పని చేతినిండా ఉన్నన్నాళ్లు ఈ సంగతి మాలో ఎవరికీ తోచలేదు.

నేను మాదాపూర్ నుంచి సైకిల్ మీద వచ్చేవాణ్ని. బడి చదువు తక్కువే. లెక్క మాత్రం మా నాయన పక్కన తిరగడం వల్ల వచ్చింది. ఆయన మా ఊరి చెరువుకు నీరటి. తూము తియ్యడం, ముయ్యడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని. పావు, అరపావు, వీసం నాకు పలక మీద కాదు, కాలువ గట్టు మీద తెలిశాయి. ఇంగ్లీషు అంకెలు, శాతాలు తర్వాత నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను.

యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మానేసి ఈ షెడ్డు పెట్టారు. ఎవరినీ తిట్టగా నేను వినలేదు. మిషన్ ఆగితే చొక్కా చేతులు మడిచి తానే కిందికి దూరేవారు. ఆయన గదిలో ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. వాటిలో సగం మిషన్ల గురించి, సగం దేశాల గురించి.

కొలిమి దగ్గర ఇద్దరు ఉండేవాళ్లు. కాలిన ఇనుమును పటకారుతో తిప్పే కమ్మరి మేస్త్రి ఒకరు, సమ్మెట కొట్టే మనిషి ఇంకొకరు. సమ్మెట మనిషిది గోపన్‌పల్లి. వయసులో నాకన్నా పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. ఆయన భార్యకు క్షయ. కార్మికుల దవాఖానలో మందు నడుస్తోంది. చాలాకాలం సాగే మందు అది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తుందని అక్కడి డాక్టర్ గట్టిగా చెప్పాడట. ఆ దవాఖానలో ఆమె చీటీ చెల్లాలంటే భర్త పేరు ఏదో ఒక కంపెనీ హాజరులో ఉండాలి. పేరు ఉంటే చాలదు, ఆ పేరు మీద కొంతైనా పని జరిగి ఉండాలి. అందుకే ఆయన పొద్దున రాగానే నా బల్ల మీదికి వంగి, "పేరు ఎక్కిందా తమ్మీ?" అని అడిగి గానీ కొలిమి దగ్గరికి పోయేవాడు కాదు. అక్షరాలు రావు గనుక నేను చూపించిన గీత మీద వేలు పెట్టి చూసుకునేవాడు.

అరవైల చివరి రోజుల్లో పని తగ్గింది. వానలు సరిగా పడక, పైనుంచి ఖర్చులు బిగించి, ప్రణాళికలకే సెలవిచ్చారని పేపర్లో రాశారు. వ్యాగన్ల ఆర్డర్లు సన్నగిల్లాయి. మాకు రావలసిన ముడి ఇనుప కడ్డీల లారీ ముందు ఆలస్యంగా వచ్చింది, తర్వాత సగం నిండి వచ్చింది, ఒక వారం అసలు రాలేదు. ఒక శనివారం మధ్యాహ్నం యజమాని మిషన్లన్నీ ఆపించి మమ్మల్ని షెడ్డు కింద కూర్చోబెట్టారు. చేతిలో ఒక లావుపాటి పుస్తకం ఉంది.

"మీలో చాలామంది పుట్టకముందు అమెరికాలో ఇంతకన్నా ఎంతో పెద్ద మాంద్యం వచ్చిందయ్యా," అన్నారు. "అప్పుడు ఆ దేశానికి అధ్యక్షుడిగా ఉన్నాయన ఇంజనీరు. ఏం చేశాడో తెలుసా? పెద్ద పెద్ద ఫ్యాక్టరీల వాళ్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. కూలి తగ్గించకండి, మనుషుల్ని తీసేయకండి, ఉన్న పనిని పంచండి అన్నాడు. చట్టం చెయ్యలేదు. అడిగాడు, అంతే. కష్టంలో ఉన్నవాణ్ని పొరుగువాడు చూడాలి, ఊరు చూడాలి, ధర్మసంస్థలు చూడాలి. పైనున్న ప్రభుత్వం నేరుగా మనిషి చేతిలో ఊరికే పెట్టడం మొదలుపెడితే ఇటు మనిషీ పాడవుతాడు, అటు ప్రభుత్వమూ పాడవుతుందని ఆయన నమ్మకం."

"వాళ్లు విన్నరా సార్?" అన్నాడు సమ్మెట అన్న.

"విన్నారు. మాట ఇచ్చారు."

"మాట ఇచ్చినంక మంచిగైందా?"

యజమాని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది పెద్ద కథ. ముందు మన కథ చూద్దాం."

తెనాలి నుంచి వచ్చిన, లేత్ తిప్పే టర్నర్ ఒకడు ఉండేవాడు, మా అందరిలో చెయ్యి తిరిగినవాడు. అతను నా చెవి దగ్గర, "పెద్ద కథ అన్నారంటే మంచిగా కాలేదని గురూ," అన్నాడు.

యజమాని చెప్పింది ఇది. ఎవరినీ తీసేయరు. కూలి రేటు తగ్గించరు. ఉన్న పనిని వంతులు వేసుకోవాలి. ప్రభుత్వం దగ్గరికి అర్జీలు పట్టుకుని పోవడం లేదు. వీధిలోని మిగతా షెడ్డుల వాళ్లను కూడా తన గదికి పిలిచారు, చాయ్ ఇప్పించారు, ఇదే అడిగారు. వాళ్లూ సరేనన్నారు. కాగితం మీద ఎవరూ ఏమీ పెట్టలేదు.

మాలో ఎక్కువమంది చెరువుల కింది ఊళ్లవాళ్లం. వంతులు అనగానే మాకు కొత్తగా అనిపించలేదు. చెరువులో నీళ్లు తక్కువైన ఏడు మా ఊళ్లల్లో ఆయకట్టు మొత్తం నాటరు. ఊరి పెద్దలు, నీరటి కట్ట మీద కూర్చుని, ఈసారి తూముకు దగ్గరున్న ఇంత భాగమే నాటాలని హద్దు పెడతారు. కిందిది నాటకుండా పడావు ఉంటుంది. దాన్ని తైబందీ అంటారు.

"గిది తైబందీయే గదా! దీనికి అమెరికా దాకా ఎందుకు పోయిండు సారు?" అన్నాడు సమ్మెట అన్న. అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వారు.

వంతులు కలిసి కూర్చుని వేసుకున్నాం. నీళ్ల వంతు మడికి ఉంటుంది గానీ మనిషికి ఉండదు. నీ మడి ఎక్కడుంటే అక్కడికే నీళ్లు వస్తాయి. మేమూ అలాగే మిషన్‌కు వంతు వేశాం. ఈ లేత్‌కు ఇన్ని పూటలు, ఆ లేత్‌కు ఇన్ని, డ్రిల్లింగ్‌కు ఇన్ని, కొలిమికి ఇన్ని. ఏ మిషన్ మీద ఎవరు ఉంటే వాళ్లకు ఆ పూటలు. ఒక్కరికీ అందులో వింత కనపడలేదు. పట్నంలో పుట్టినవాళ్లయితే మనుషుల పేర్లు రాసుకుని పంచుకునేవాళ్లేమో.

కొన్ని నెలలు అది బాగానే నడిచింది. బాగా అంటే, అందరికీ తగ్గింది, ఎవరికీ పోలేదు. వంతు లేని రోజు కొందరు సీతాఫలాలు ఏరి మోజంజాహీ మార్కెట్ దాకా మోసుకుపోయేవాళ్లు. కొందరు మా ఊరి గుట్టల్లో రాయి కొట్టేవాళ్లు. నేను యజమాని గదిలో ఆ లావుపాటి పుస్తకం తీసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఒక పేజీకి ఒక పూట పట్టేది.

ఎండాకాలం రాబోతుండగా పక్క షెడ్డు ఒకటి మాట తప్పింది. చడీచప్పుడు లేకుండా కొంతమందిని పంపేసి, మిగిలినవాళ్లకు కూలి తగ్గించి, తక్కువ ధరకు పెద్ద ఫ్యాక్టరీ పని పట్టుకున్నారు. మా యజమాని వాళ్ల దగ్గరికి వెళ్లారు. నమూనా పిన్నుల సంచీ పట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

"మనం అనుకున్నాం కదండీ," అన్నారు మా యజమాని.

"అనుకున్నామండీ. కాదనను. అనుకున్నదాని మీద ఇన్నాళ్లు నిలబడ్డాను. నిలబడ్డందుకు ఎవరైనా ఆర్డర్ ఇచ్చారా? మీరు ఇస్తానంటే మళ్లీ నిలబడతాను." ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. "చాయ్ తాగండి."

చాయ్ తాగి వచ్చాం. లేబర్ ఆఫీసుకు వెళ్లి చెప్పమని టర్నర్ మా యజమానికి సలహా ఇస్తే, "మాట తప్పినవాడి మీద ఫిర్యాదు ఏమని ఇస్తానయ్యా? మాట తప్పడం నేరమా?" అన్నారు.

ఆ తర్వాత జరిగింది లెక్క ప్రకారమే జరిగింది. పక్క షెడ్డులో సాగగొట్టిన కడ్డీలు, మా కొలిమి అంటించి మేం కొట్టుకునేవాటికన్నా చవకగా వస్తున్నాయి. కొలిమిని పూటో రెండు పూటలో మండించడంలో బొగ్గు వృథా. వేడెక్కేసరికి సగం పూట పోతుంది. మాట తప్పినవాడి దగ్గరే కడ్డీలు కొని మేం లేత్ మీద తిప్పడం మొదలుపెట్టాం. కొలిమి ఆరిపోయింది. కమ్మరి మేస్త్రి పటకార్లు గోనెలో చుట్టుకుని తన ఊరికి వెళ్లి నాగళ్ల పని చూసుకున్నాడు. ఆయన విద్య ఆయన వెంట పోయింది. సమ్మెట అన్నకు ఉన్నది భుజబలం. అది ఇంకొకరు ఇనుము పట్టుకుంటేనే పనికొస్తుంది.

వంతు మిషన్‌దని అన్నాను కదా. మిషనే లేనప్పుడు వంతు లేదు. వచ్చే నెల నుంచి ఆయన పేరు ఎదురుగా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. భార్యకు మందు ఇంకా చాలా నెలలు సాగాలి.

యజమాని ఆయన్ను గదిలోకి పిలిచారు. హాజరు పుస్తకం ఉండాలి గనుక నేనూ ఉన్నాను. యజమాని సొరుగు లోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది కంపెనీ సొమ్ము కాదు. నా సొంతం. తిరిగి ఇవ్వక్కర్లేదు."

సమ్మెట అన్న కవరు ముట్టుకోలేదు. "పైసలు వద్దు సార్. పేరు ఉంచుండ్రి."

"పని లేకుండా పేరు ఎలా ఉంచుతానయ్యా? దొంగ హాజరు అవుతుంది."

"పైసలు ఊరికే ఇస్తున్నరు గద సార్. పేరు ఊరికే ఇయ్యరాదా?"

యజమాని కవరు ఇంకొంచెం ముందుకు జరిపారు. "పైసలు నావి. పేరు నాది కాదు," అన్నారు.

ఆయన అన్నదాంట్లో నాకు తప్పు కనపడలేదు. దొంగ హాజరు రాయమంటే నేను రాసేవాణ్ని కాదు. సమ్మెట అన్న అడిగినదాంట్లోనూ తప్పు కనపడలేదు. రెండూ సరైనవే అయినప్పుడు లెక్కలో ఎక్కడో ఒక మాట వదిలేసి ఉంటారని నాకు తెలుసు. ఆ మాట ఏదో మాత్రం తోచలేదు.

కవరు బల్ల మీదే ఉండిపోయింది. సమ్మెట అన్న ఇంటికి పోలేదు. అన్నం వేళకు మేమందరం డబ్బాలు విప్పుకుంటుంటే ఆయన ఆరిపోయిన కొలిమి దగ్గర, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే కేకేశాడు.

"తమ్మీ, మీ నాయన నీరటి గదా. తైబందీల తోకమడి ఆయన ఏం చేస్తడు?"

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నాతో పాటు తింటున్న ఇద్దరు ముగ్గురు కూడా ముద్ద పట్టుకుని ఆగారు. ఎందుకంటే మాలో ఆ జవాబు తెలియనివాడు లేడు. తైబందీ ఏడు కింది మళ్లు పడావు పడతాయి గానీ, ఆ మళ్లవాళ్లను ఎవరూ పడావు పెట్టరు. తూము దగ్గర మడి ఉన్నవాళ్లు ఆ ఒక్క పంటకు తమ మళ్లల్లో తలా ఒక గుంట నేల వాళ్లకు విడవాలి. వాళ్లే దున్నుకుంటారు, నాటుకుంటారు, కోసుకుంటారు. చెరువు నిండిన ఏడు గుంట తిరిగి ఇచ్చేస్తారు. మేం తైబందీలో హద్దు పెట్టడం వరకు తెచ్చుకున్నాం. ఈ గుంట సంగతి ఊళ్లోనే వదిలేసి వచ్చాం.

"పై మళ్లల్ల గుంట ఇస్తరు," అన్నాను.

"మరి నా గుంటేది?"

తెనాలి టర్నర్‌కు ఇదంతా అంతు పట్టలేదు. విడమరచి చెబితే ఇంకా చిరాకు పడ్డాడు. "ఇదేం పంపకమయ్యా? మా ఊళ్లో కాలవ నీళ్లు వస్తాయి. ఎవడి చేను వాడిది."

"మీ కాలువ బాలానగర్ దాకా రాలే గదా అన్నా," అన్నాడు సమ్మెట అన్న. "వచ్చినంక నీ లెక్కనే పెట్టుకుందం."

"సమ్మెట పట్టిన చెయ్యి లేత్ మీద పెడితే ఇనుము కోసే టూల్ విరుగుద్ది."

"విరిగితే నేనే అతుకుత. దాగలి ఉన్నది, సమ్మెట ఉన్నది. ఫికర్ వద్దు."

షెడ్డంతా నవ్వింది. నవ్వు అయ్యాక డ్రిల్లింగ్ దగ్గర పనిచేసే కూకట్‌పల్లి మనిషి, "నా దాంట్ల వారానికొక పూట తీస్కో," అన్నాడు. లేత్ వాళ్లల్లో చెరువుల కింది ఊళ్లవాళ్లు తలా ఒక పూట అన్నారు. పెద్ద మనసు చూపిస్తున్నట్టు ఎవరూ అనలేదు. కట్ట మీద కూర్చున్నప్పుడు ఎలా గొణుక్కుంటూ ఇస్తారో అలాగే ఇచ్చారు. ఒకడైతే, "మిషన్ తుడిచి ఇయ్యాలె, ముందే చెప్తున్న," అని షరతు పెట్టాడు. చివరికి టర్నర్ లేచాడు. డబ్బా కడుక్కుని వచ్చి, "లేత్ మాత్రం ఇవ్వను," అన్నాడు. "నా పక్కన నిలబడి కడ్డీలు ఎక్కించు, దించు. ఆకురాయి పట్టుకుని అంచులు నున్నగా గీకు. ఆ పూట నాకు సగమే రాయించుకుంటాను. సగం నీకు."

కొత్త వంతుల కాగితం రాసి యజమాని దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది మీలో మీరే అనుకున్నారా? ఎవరినీ బలవంతం చెయ్యలేదు కదా?"

"ఇక్కడ చెయ్యలేదు సార్. తైబందీలో అయితే బలవంతం ఉంటది. గుంట ఇయ్యనన్నోడి మడికి నీరటి నీళ్లు వదలడు."

"ఇక్కడ నీరటి ఎవరు మరి?"

"తూము మీ చేతిలోనే ఉంది సార్," అన్నాను. గడుసుగా అనలేదు. ఉన్న సంగతి అన్నాను.

ఆయన కలం తీశారు. కాగితం కింద సంతకం పెట్టి, "విరిగిన టూల్ ఖర్చు నాది," అన్నారు.

టూల్ మొదటి రోజే విరిగింది. డ్రిల్ ముక్క ఎగిరి రేకుకు తగిలితే టర్నర్ షెడ్డు అవతలి నుంచి, "అతుకు, అతుకు, చూద్దాం," అని అరిచాడు. రెండు వారాల్లో సమ్మెట అన్న చెయ్యి తేలిక పడింది. ఆకురాయి పనిలో నిజంగానే బాగుండేవాడు. ఇనుము వేడి మీద ఎలా కదులుతుందో తెలిసినవాడికి చల్లని ఇనుము అంచు ఎక్కడ గరుకుగా ఉంటుందో వేలికి తెలుస్తుంది కాబోలు. పొద్దున్నే నా బల్ల దగ్గర ఆగి పేరు ఎక్కిందా అని అడగడం మాత్రం మానలేదు. ఎక్కుతూనే ఉంది. మందు సాగుతూనే ఉంది.

ఆ నెలల్లోనే నేను లావుపాటి పుస్తకం చివరిదాకా వచ్చాను. యజమాని చెప్పకుండా దాటేసిన పెద్ద కథ అందులో ఉంది. ఫ్యాక్టరీల వాళ్లు మాట ఇచ్చారు, నేను అనుకున్నదానికన్నా ఎక్కువకాలమే నిలబడ్డారు. తర్వాత పూటలు తగ్గించారు, తర్వాత మనుషుల్ని, ఆ తర్వాత కూలిని. ధర్మసంస్థల సంచులు, ఊళ్ల ఖజానాలు ఒట్టిపోయాయి. ఆ అధ్యక్షుడు ఊరికే కూర్చోలేదు. పనులు పెట్టించాడు, చివర్లో బ్యాంకులకు, రైలు కంపెనీలకు అప్పులు ఇప్పించాడు. ఆకలిగొన్న మనిషికి కేంద్రం నేరుగా పెట్టడం మాత్రం వద్దనే నిలబడ్డాడు. తర్వాతి ఎన్నికల్లో జనం ఆయన్ను దించేశారు. నాకు అంతు చిక్కనిది ఒకటుంది. అదే మనిషి అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధంలో పరాయి దేశంలో ఆకలితో ఉన్న లక్షల మందికి తిండి చేర్చినవాడు. రాతి గుండెవాడని అనడానికి వీల్లేదు. మా యజమాని కవరు గుర్తొచ్చింది.

ఒకరోజు మా నాయనకు ఈ కథంతా చెప్పాను. ఆయన బ్యాంకుల అప్పుల దగ్గర ఆపాడు. "పై మడి నిండితెనే కిందికి పారుతది. అది నిజమే," అన్నాడు. "అయితే నీళ్లు తక్కువున్న ఏడు పై మడాయన ముందు తన గట్టు ఎత్తు చేసుకుంటడు. గందుకే నీరటి పార పట్టుకుని తిరిగేది." ఆయనకు అమెరికా మీద ఆసక్తి లేదు.

మరుసటి ఏడు వానలు మొదలైనాక ఒక సోమవారం సమ్మెట అన్న దవాఖానకు వెళ్లి మంగళవారం పనికి వచ్చాడు. ఎప్పట్లా బల్ల మీదికి వంగాడు గానీ ఎప్పుడూ అడిగేది అడగలేదు.

"ఇగ మందు చాలన్నరు తమ్మీ. రొమ్ము ఫోటో తీసి చూసిన్రు, మంచిగున్నదంట. నా పేరు కొట్టెయ్."

"ఎందుకు అన్నా? ఎవరూ పొమ్మంటలేరు గదా. ఇంకొన్ని నెలల్ల ఆర్డర్లు వస్తయంటున్నరు."

"వస్తే రానీ. పంట కోసుకున్న. గుంట వాపస్ ఇయ్యాలె గదా."

"చెరువు ఇంకా నిండలే."

"నా మట్టుకు నిండింది."

మా పద్ధతిలో గుంట తిరిగి ఇచ్చేవాణ్ని ఎవరూ ఆపరు. ఆయన షెడ్డు లోపలికి వెళ్లి, డ్రిల్లింగ్ మిషన్ తుడిచాడు. తన వంతు ఉన్న ఒక్కొక్క లేత్ దగ్గరా ఆగి ఏదో అన్నాడు. చివరికి టర్నర్ దగ్గరికి వెళ్లి ఆకురాయి చేతికిచ్చాడు.

"ఇదేంటయ్యా? అంచులెవడు గీకుతాడు?"

"నువ్వే గీకు. నీ మడి."

టర్నర్ ఆకురాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏడాది పాటు పని నేర్పించాను, ఇప్పుడు పోతాడంట," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

సమ్మెట అన్న మా మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టే పనిలో చేరాడు. అక్కడ హాజరు లేదు, దవాఖాన చీటీ లేదు, సమ్మెట మాత్రం ఉంది. వ్యాగన్ల ఆర్డర్లు తర్వాత మళ్లీ వచ్చాయి. మా కొలిమి మాత్రం మళ్లీ అంటలేదు. ఆ జాగాలో తుక్కు ఇనుము పోస్తున్నారు. యజమాని ఆ పుస్తకం నాకే ఇచ్చేశారు.

ఆ మంగళవారం నేను ఆయన పేరు మీద గీత గీసి, పూటలన్నీ ఎవరివి వాళ్లకు కలిపేశాను. సాయంత్రం టర్నర్ చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"నాకు సగం రాయి," అన్నాడు అలవాటుగా.

నేను తలెత్తి చూశాను. అతను గోడ లేని వైపు, ఆరిన కొలిమి కేసి ఒకసారి చూసి, "సరే, మొత్తం రాయి," అని సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.